వేలం ధరల పక్కన రెక్కల పురుగుల లెక్క కూడా వేయండి

సంపాదకుల వారికి,

పొగనారు మళ్లలో ఆకు జల్లెడైపోతోందని ఈ మధ్య మీ జిల్లా పేజీలో వార్త వేశారు. మంచిదే. అయితే పురుగు పేరు 'కత్తెర పురుగు' అని రాశారు, పక్కన వేసిన బొమ్మ మాత్రం పొగాకు లద్దె పురుగుది. పేరుదేముంది, ఏదైనా ఆకు తినేదేగా అనుకుంటే పొరపాటు. ఆ పేపరు ముక్క పట్టుకుని రైతు మందుల షాపుకు వెళ్తాడు, కత్తెర పురుగు ల్యూరు (మగ రెక్కల పురుగును రప్పించే వాసన బిళ్ల) అడుగుతాడు, తెచ్చి నారుమడిలో బుట్టకు తగిలిస్తాడు. లద్దె పురుగు ఆ వాసనకు రాదు. బుట్ట ఖాళీగా ఉంది గదా, మన మడి మీద పురుగు లేదులే అని ఇంట్లో పడుకుంటాడు. వారం తిరిగేసరికి మళ్లలో ఈనెలు మిగులుతాయి.

కత్తెర పురుగు మన దేశానికి కొత్త. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో మొదటిసారి పట్టుబడింది. మొక్కజొన్న, జొన్న సుడుల్లో కాపురం దానిది. తల మీద తిరగేసిన ఇంగ్లీషు 'వై' అక్షరం, తోక దగ్గర చతురస్రం మూలల్లో పెట్టినట్టు నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. పొగాకు లద్దె పురుగు తాతల నాటి నుంచి ఇక్కడే ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని స్పోడోప్టెరా లిట్యూరా అంటారు. వీపు మీద పసుపు గీత, దానికి అటూ ఇటూ జంటలు జంటలుగా నల్లటి త్రికోణపు మచ్చలు, ముందుకాళ్లు దాటగానే వచ్చే కణుపు మీద మాత్రం ఆ మచ్చలు కొట్టొచ్చినట్టు పెద్దవి. రంగును నమ్ముకోకూడదు. ఒకే గుడ్ల కుప్పలోంచి వచ్చినవాటిలోనే ఒకటి బూడిదరంగు, ఒకటి ముదురాకుపచ్చ, ఇంకొకటి దాదాపు నలుపు. శనగ మొలిచిన రెండు మూడు వారాల్లో ఆకు గీకే పచ్చ రబ్బరు పురుగు దీని దాయాదే గాని వేరే జాతి. కాయ తొలిచే శనగపచ్చ పురుగు ఇంకొకటి. నాలుగింటికీ బుట్ట ఒకటే అయినా లోపల పెట్టే ల్యూరు నాలుగింటికీ వేరు. కొనేటప్పుడు ప్యాకెట్ మీద పురుగు పేరు చదివించుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ లద్దె పురుగు మీద మన ప్రాంతంలో ఖర్చయ్యే మందులో చాలాభాగం దానికి తగలకుండానే పోతోంది. దాని రోజువారీ నడవడి తెలియకపోవడమే కారణం.

నారుమడి గట్టున నాటిన ఆముదపాకును తిరగేసి చూడండి. అడుగున శనగబద్దంత మేర, గోధుమరంగు నూగు అంటించినట్టు ఒక మచ్చ కనబడుతుంది. బూజనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. వేలికొసతో రాస్తే నూగు ఊడివస్తుంది. దాని కింద గసగసాల కంటే చిన్న గుడ్లు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ నూగు తల్లి పురుగు తన తోక వెంట్రుకలు రాల్చి కప్పింది. ఒక్కో కుప్పలో 200 నుంచి 300 గుడ్లు. తల్లి బతికేది వారం పది రోజులే గాని ఆ లోపల ఇలాంటి కుప్పలు నాలుగైదు పెట్టి వెయ్యి, పదిహేను వందల దాకా గుడ్లు దించుతుంది. ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలున్న అట్టలు) కట్టినా ఈ పురుగు మీద అంతగా పనిచేయకపోవడానికి కారణం ఆ నూగు దుప్పటే. ఆ బుల్లి కందిరీగకు పై పొర దాటి అడుగు గుడ్లు అందవు. టెలినోమస్ అనే ఇంకో కందిరీగకైతే అందుతాయి. కార్డులు అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

సెప్టెంబరు వేడికి గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పగులుతాయి. నల్లటి తల, ఆకుపచ్చ ఒళ్లు ఉన్న పిల్ల పురుగులు మూడు నాలుగు రోజులపాటు పుట్టిన ఆకు వదలవు. గుంపుగా ఆకు అడుగున చేరి పచ్చదనం మాత్రం గీకి తింటాయి. పైపొర పలచటి కాగితంలా మిగులుతుంది. మళ్ల మధ్య నిలబడి చూస్తే పచ్చటి నారులో అక్కడక్కడా తెల్లగా మెరుస్తుంది. జల్లెడాకు అనేది దీన్నే. ఆ ఒక్క ఆకు తుంచితే మూడు వందల పురుగులు పోతాయి. ఒక మనిషి, ఒక బకెట్, అందులో నీళ్లు, నీళ్ల మీద కాస్త కిరసనాయిలు చాలు. తుంచిన ఆకును గట్టు మీద పారేసి పోతే మాత్రం సాయంత్రానికి అవి నడిచి మళ్లీ మడిలోకే వస్తాయి. నారు ఉన్నన్ని రోజులూ రోజు విడిచి రోజు ఉదయం పూట ఈ పని జరగాలి. మూడు రోజులు ఆదమరిస్తే ఆకు తుంచినా ఫలితం ఉండదు. అప్పటికే అవి నూలుపోగు వదిలి గాలికి ఊగుతూ పక్క మొక్కలకు, పక్క మళ్లకు చెదిరిపోయి ఉంటాయి.

చెదిరిన తర్వాత దాని బతుకే వేరు. మొత్తం ఆరు దశలు, ఐదు సార్లు తోలు వదలడం, పదిహేను నుంచి ఇరవై రోజులు. మూడో దశ దాటాక ఎండ పొడ గిట్టదు. పొద్దెక్కేసరికి మొక్క మొదట్లో మట్టిగడ్డ కిందకో, రాలిన ఆకు కిందకో, నల్లరేగడి నెర్రెలోకో దిగిపోతుంది. పొద్దుగూకాక పైకెక్కి తెల్లవారుజాము దాకా మేస్తుంది. జీవితకాలపు తిండిలో ఎక్కువ భాగం చివరి ఆరేడు రోజుల్లోనే తింటుంది. నిన్నటిదాకా బాగున్న చేను రాత్రికి రాత్రి పోయిందని రైతు అనడం అందుకే. నిజానికి పురుగు రెండు వారాలుగా అక్కడే ఉంది.

పదకొండింటికి పంపు భుజానికెత్తుకుని ఆకు తడిసేలా కొట్టేసరికి పురుగు భూమిలో ఉంటుంది. మందు ఆకు మీద, పురుగు మట్టి కింద. ఎమామెక్టిన్ లాంటివైతే ఎండకు బలం కూడా కోల్పోతాయి. ఐదు దాటాక, నాజిల్ ఆకు అడుగుకు తిప్పి కొడితేనే మందుకు విలువ. చేలో పురుగు ఉందో లేదో తేల్చుకోవడానికి కూడా పగటి పూట పైపైన చూడటం దండగ. రాత్రి ఎనిమిది తర్వాత టార్చి వేసుకుని చూడాలి, లేదా పగలే మొక్క మొదట్లో రెండు వేళ్ల లోతు మట్టి కెలకాలి. ఆకుల మీద తాజా పెంటికలు, కొత్త రంధ్రాలు ఉంటే పురుగు ఉన్నట్టే.

పెరిగిన పురుగు నాలుగు సెంటీమీటర్ల దాకా వచ్చి తిండి మానేసి రెండు మూడు అంగుళాల లోతున మట్టిగూడు కట్టుకుని ఎర్రటి గోధుమరంగు ప్యూపా అవుతుంది. వారం పది రోజులకు రాత్రిపూట రెక్కల పురుగు బయటికొస్తుంది. ముందు రెక్కలు గోధుమరంగు మీద తెల్లటి వంకర గీతలతో గజిబిజిగా ఉంటాయి. వెనక రెక్కలు తెల్లగా ఉంటాయి. బయటికొచ్చిన రెండు మూడు రాత్రుల్లోనే గుడ్లు మొదలు.

మన సాగు కాలానికి ఈ రోజులను అతికించి చూస్తే లెక్క ఇలా తేలుతుంది. ఆగస్టు 25న నారుమడి దగ్గర గుడ్డు పడిందనుకుందాం. 29కి పగులుతుంది, సెప్టెంబరు 16కు మట్టిలోకి దిగుతుంది, 25కు రెక్కలొస్తాయి, 28కి రెండో తరం గుడ్లు. ఆ తరం అక్టోబరు మొదటి మూడు వారాలు మేస్తుంది. సరిగ్గా అప్పుడే నారు పీకి కట్టలు కట్టి ఊళ్లు దాటిస్తాం. గుడ్లున్న ఆకు కట్టలో పడితే పురుగును మనమే బండెక్కించి ప్రధాన పొలానికి తీసుకుపోయినట్టు. నవంబరు మొదటికి మూడో తరం గుడ్లు నాటిన పొగాకు మీద, పక్కనున్న వేరుశనగ, మినుము మీద పడతాయి. నూటికి ఒక్క గుడ్డు చొప్పున బతికినా ఒక తల్లికి పదిహేను మంది, అందులో ఏడుగురు ఆడవి. వాటి గుడ్లే పదివేలు. డిసెంబరు, జనవరి చలికి ఈ చక్రం నలభై, నలభై అయిదు రోజులకు సాగుతుంది గాని ఆగదు. తుపాను వానలకు మొక్క పోయి మళ్లీ నాటిన పొలాలున్న చోట ముదురు, లేత పైర్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పురుగుకు మేత తెగదు.

ఆముదం సంగతి విడిగా చెప్పాలి. నారుమళ్ల చుట్టూ ఆముదం వేయమని పొగాకు పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు, రైతులు వేస్తున్నారు కూడా. తల్లి పురుగు వెడల్పాటి ఆముదపాకును ముందు వెతుక్కుంటుంది. అంతవరకూ సరే. వేసి వదిలేస్తున్నారు, అక్కడే చిక్కు. గుడ్లు ఏరని ఆముదం ఎర పంట కాదు, పురుగుకు పురిటిల్లు. అక్కడే పెరిగి, ఆకు అయిపోగానే నారు మీదకు దిగుతాయి. రెండు రోజులకొకసారి ఆకు తిరగేసే మనిషి లేనప్పుడు ఆముదం వేయకపోవడమే నయం. నారు వయసుకు ఆముదం నాలుగైదు ఆకులతో ఉండాలి, అంటే మడి విత్తనం కంటే ముందే గట్టున విత్తుకోవాలి. మడితో పాటే వేస్తే ఎరకు అక్కరకు రాదు.

పెద్ద పురుగు మొదళ్లు కొరికేస్తున్న కొత్త తోటల్లో పిచికారీ కంటే విషపు ఎర మేలు. వేరుశనగ, మినుముకు ఎకరాకు 5 కిలోల వరి తవుడు, అరకిలో బెల్లం, అరలీటరు క్లోరిపైరిఫాస్. బెల్లం ముందు నీళ్లలో కరిగించి తవుడుకు పట్టించి, మందు చివర్లో చేతికి తొడుగులు వేసుకుని కలపాలి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. పొద్దువాలాక చిన్న చిన్న ఉండలుగా మొక్కల మొదళ్ల దగ్గర వేయాలి. పొద్దున్నే వేస్తే ఎండకు గట్టిపడి రాత్రికి పురుగు ముట్టదు. ఎర వేసిన సాయంత్రమే తడి పెడితే కరిగిపోతుంది. ముక్కిన తవుడు వాసనకు పురుగు రాదు. రెండు రోజులు గొడ్లను, కోళ్లను ఆ చేలోకి తోలకూడదు. పాత కరపత్రాల్లో కార్బరిల్, మిథైల్ పారాథియాన్ పొడి అని ఇంకా కనబడుతోంది. రెండింటినీ 2018లో కేంద్రం నిషేధించింది. గోడౌన్ మూలన మిగిలిన పాత డబ్బా ఉన్నా వాడొద్దు. నిషేధించని మందు కూడా పొగాకు మీద అయితే అవశేషాల పేచీ ఉంది కాబట్టి పొగాకు బోర్డు, కొనుగోలు కంపెనీ ఒప్పుకున్న జాబితా చూసుకోకుండా ముట్టుకోవద్దు.

పక్క చేను తినేసి గుంపుగా దాటి వస్తుంటే మన గట్టు వెంట నాగలితో జానెడు లోతు చాలు తీసి, మన వైపు గోడ నిట్టనిలువుగా చెక్కాలి. అందులో పడ్డవి ఎక్కలేవు. ఆ చాల్లోనే ఎర వేస్తే చాలు, చేనంతా చల్లక్కర్లేదు.

పైరును బట్టి నష్టం తీరు మారుతుంది. తీరం వెంట ఇసుక నేలల వేరుశనగలో ఆకుతో ఆగదు, వదులు మట్టిలో ఊడలు, లేత కాయలు కూడా కొరుకుతుంది. దర్శి, త్రిపురాంతకం వైపు మిర్చిలో కాయకు వంకర రంధ్రం చేసి గింజ తిని తొక్క వదులుతుంది, కాయ తెల్లబడుతుంది. పత్తిలో 2002 నాటి మొదటి బీటీ విత్తనానికి ఇది లొంగలేదు. 2006లో వచ్చిన రెండో రకానికి కొంత తగ్గింది. ఆ అనుభవంతోనైనా బీటీ (ఒక బ్యాక్టీరియా) పొడి మందు కొట్టి పెద్ద పురుగు చావలేదని వాపోకూడదు.

మందుల్లో నేను ముందు చెప్పేది వేపగింజల కషాయమే, గుడ్లు, జల్లెడాకు కనబడిన రోజుల్లో అయితే. ఐదు శాతం అంటే 200 లీటర్ల నీటికి 10 కిలోల గింజల పలుకు. పొడి కొట్టి గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీళ్లలో నానేసి, మర్నాడు పిండి, కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టాలి. నిరుడు మిగిలిన గింజ, బూజుపట్టిన గింజ పనికిరాదు. పురుగు సెంటీమీటరు దాటితే కషాయం మీద ఆశ పెట్టుకోవద్దు.

చిన్న పురుగుకు లీటరుకు 1 మిల్లీలీటరు నొవాల్యురాన్. ఇది తోలు వదిలేటప్పుడు మాత్రమే చంపుతుంది, మూడు నాలుగు రోజులు పడుతుంది. మర్నాడే పురుగు కదులుతోందని ఇంకో మందు కొట్టేవాళ్లకు మొదటిది పనిచేసిందో లేదో ఎప్పటికీ తెలియదు. కాస్త పెరిగినవాటికి ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకు 0.4 గ్రాములు, అంటే 16 లీటర్ల పంపుకు ఆరున్నర గ్రాములు. లేదా క్లోరాంట్రానిలిప్రోల్ లీటరుకు 0.3 మిల్లీలీటర్లు. క్లోరాంట్రానిలిప్రోల్ తగిలిన పురుగు కొన్ని గంటల్లోనే తిండి మానేస్తుంది, చావడానికి మాత్రం రెండు మూడు రోజులు తీసుకుంటుంది. అందుకే కొట్టిన తర్వాత బతికున్న పురుగులు లెక్కపెట్టడం కాదు, కొత్త రంధ్రాలు పడుతున్నాయా లేదా చూడాలి. ఒక్కో మందు ఏ పైరుకు ఆమోదించారో డబ్బా మీదే ఉంటుంది. ఒకటే మందు వరసగా రెండుసార్లు వద్దు. సైపర్‌మెత్రిన్ జాతి మందులకు కోస్తా ఆంధ్రలో ఈ పురుగు 1990ల నాటికే మొండికేసింది. అయినా చవకని ఇప్పటికీ అదే కొడతారు. అది మిత్రపురుగులను చంపి, తెల్లదోమను పెంచి పోతుంది. ఇక డబ్బాల మీద రాసిన మోతాదు నిండు పైరుకు ఎకరాకు 200 లీటర్ల లెక్కన. 16 లీటర్ల పంపుకు పన్నెండు, పదమూడు ట్యాంకులు. ఐదారు ట్యాంకులతో ఎకరం ముగించి మందు నకిలీదని షాపు మీదకు పోవడం న్యాయం కాదు. నకిలీ మందులు లేవని నేననను, కానీ ముందు ట్యాంకులు లెక్కపెట్టుకోవాలి.

ఇంకొకటి. చలి, మంచు రోజుల్లో కొన్ని పురుగులు మొక్క కొసకెక్కి తలకిందులుగా వేలాడి, ముట్టుకుంటే చిట్లి తెల్లటి రసం కారుస్తాయి. ఇంకొన్ని ఆకుకు అతుక్కుని గట్టిపడి మీద పచ్చటి పొడి పట్టి ఉంటాయి. మొదటిది ఎన్‌పీవీ అనే వైరస్ రోగం, రెండోది బూజు రోగం. ఇవి చేలో విరివిగా కనబడితే ఆ వారం మందు కొట్టకుండా ఆగడమే లాభం. ఎన్‌పీవీ ద్రావణం కొనేవాళ్లు ఎకరాకు 200 ఎల్‌ఈ (వైరస్‌తో చచ్చిన పురుగుల లెక్కన వేసే కొలత), కిలో బెల్లం, బట్టల నీలిమందు కొద్దిగా కలిపి పొద్దువాలాకే కొట్టాలి. ఎండకు వైరస్ చస్తుంది. నాలుగు నుంచి ఏడు రోజులు ఓపిక పట్టాలి. చిన్న పురుగుల మీదే దీని పని.

పంట తీసేశాక వేసవిలో లోతు దుక్కి చేసి వదలాలి. ప్యూపాలు పైకి తేలితే నాగలి వెంట కొంగలు, గోరింకలు మిగతా పని చూసుకుంటాయి. చేలో ఎకరాకు పది పంగకర్రలు పాతితే పైరు మీద కూడా అవే వాలతాయి.

ఇక మిమ్మల్ని అడిగేది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వేలం కేంద్రాల్లో ఆకు ధర ఎంత పలికిందో సీజనులో రోజూ వేస్తారు. ఆగస్టు మూడో వారం నుంచి డిసెంబరు దాకా ఆ పేజీలోనే నాలుగు అంగుళాల చోటు ఈ పురుగుకు ఇవ్వండి. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు పెట్టిన ఒక పొలం ఉంటే చాలు. పైరు కంటే అడుగు ఎత్తున బుట్ట, రోజూ ఉదయం పడిన రెక్కల పురుగుల లెక్క, వారానికోసారి మీ పత్రికలో ఊరివారీగా. బుట్టలో పడేవి మగవే. వాటి వల్ల గుడ్లు ఆగవు. కానీ లెక్క ఒక్కసారిగా పెరిగిందంటే నాలుగైదు రోజుల్లో జల్లెడాకు కనబడుతుందని అర్థం. ఆకు తుంచే మనిషిని పిలుచుకోవడానికి రైతుకు ఆ నాలుగు రోజులే కావాలి. ఇప్పుడు మీరు వేసే ఫొటోల్లో పురుగు నాలుగు సెంటీమీటర్లు ఉంటోంది. అప్పటికి చేయగలిగింది పెద్దగా లేదు.

లెక్క వేసేటప్పుడు ఏ పురుగు ల్యూరు పెట్టారో, దాన్ని ఏ తేదీన మార్చారో కూడా పక్కన అచ్చు వేయించండి. మూడు నాలుగు వారాలకు దాని వాసన పోతుంది. ఆ తేదీ లేకపోతే అంకె తగ్గింది పురుగు తగ్గినందుకో, ల్యూరు పాతబడినందుకో చదివేవాళ్లకు తెలియదు.

— విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
కొండపి, ప్రకాశం జిల్లా